టక్‌మన్నదా, లేదా?

ఈ పుస్తకం ఒక్క నిమిషం పక్కన పెట్టి, లేచి వెళ్లి మీ ఇంటి కాలింగ్ బెల్లు నొక్కండి. పాటల బెల్లూ, పిట్టకూత బెల్లూ పనికిరావు. పాతరకం ‘టింగ్ టాంగ్’ బెల్లు కావాలి. మీ ఇంట్లో లేకపోతే పక్కింట్లో ఉంటుంది, చెప్పి మరీ నొక్కండి. నొక్కిన వేలు తీయకుండా అలాగే ఉంచండి. ‘టింగ్’ అంటుంది. అంతే. ‘టాంగ్’ రాదు. ఎంతసేపు నిలబడ్డా రాదు. వేలు తీసిన మరుక్షణం వస్తుంది. ఇన్నేళ్లూ ఒకే మోత అనుకుంటూ విన్నవి రెండు మోతలు. మొదటిది కరెంటు కొట్టింది, రెండోది స్ప్రింగు కొట్టింది.

మెయిన్ ఆపి ఆ బెల్లు మూత తీస్తే లోపల పెద్ద సరంజామా ఏమీ ఉండదు. ఒక చిన్న ప్లాస్టిక్ గొట్టం, దాని మీద వరస తప్పకుండా చుట్టిన సన్నని రాగితీగ, గొట్టంలో అటూ ఇటూ జారే ఇనుప కడ్డీ, ఆ కడ్డీని వెనక్కి నెట్టే స్ప్రింగు, రెండు వైపులా రెండు రేకులు. తీగ చుట్టిన ఆ గొట్టాన్నే సోలినాయిడ్ అంటారు. తీగలో కరెంటు పారితే గొట్టం అయస్కాంతమై కడ్డీని లోపలికి గుంజుకుంటుంది, కడ్డీ పోయి ఒక రేకుకు తగులుతుంది. కరెంటు ఆగితే వదిలేస్తుంది, స్ప్రింగు కడ్డీని తీసుకెళ్లి రెండో రేకుకు కొడుతుంది. లాగడం, వదలడం. దీనికి ఇంకో పని రాదు. పదో తరగతిలో ‘విద్యుదయస్కాంతత్వం’ పాఠం చదువుతూ మనమంతా దీని బొమ్మ వేసి, బాణం గుర్తులు పెట్టి, మార్కులు తెచ్చుకున్నవాళ్లమే. ఆ బొమ్మ మన గుమ్మం పక్కనే గోడకు వేలాడుతోందని మాత్రం అప్పుడెవరూ చెప్పలేదు.

వ్యక్తిత్వ వికాసం పుస్తకంలో ఈ రాగిచుట్ట గొడవ ఏమిటని మీకు అనిపించవచ్చు. ఇంట్లో ఏ మిషన్ మొరాయించినా మనలో చాలామంది నోట ముందుగా వచ్చే మాట ‘నాకివన్నీ తెలియవు బాబూ’. ఆ మాట వినయంగా వినిపిస్తుంది కానీ, ఆ క్షణం నుంచి పగ్గాలు ఎదుటివాడి చేతికి పోతాయి. మెకానిక్ బోర్డు పోయిందంటే బోర్డు, మోటారు పోయిందంటే మోటారు. వేలకు వేలు జీతం తెచ్చుకునేవాళ్లు, ఇంజనీరింగ్ పట్టాలున్నవాళ్లు కూడా ఆ స్క్రూడ్రైవర్ ముందు చేతులు కట్టుకుని నిలబడటం చూస్తూనే ఉంటాం. మిషన్లన్నీ విప్పడం నేర్చుకోమని నేను చెప్పబోవడం లేదు. ఒక్కటంటే ఒక్క భాగాన్ని అడుగుదాకా అర్థం చేసుకోమంటున్నాను. ఆ ఒక్కటి సోలినాయిడ్ అయితే లాభం ఎక్కువ. ఎందుకంటే వాషింగ్ మెషీన్‌లోకి నీళ్లు వదిలేది అదే, ఆర్వో ఫిల్టర్‌లో నీళ్లు ఆపేది అదే, కారు సెల్ఫ్ అందుకునేది అదే, బీపీ మిషన్ పట్టీలోంచి చివర్న గాలి వదిలేది అదే, పొలంలో బోరు మోటారుకు కరెంటు కలిపేదీ అదే.

దీని మొదటి గట్టి రూపాన్ని తయారుచేసిన మనిషి కథ ఈ పుస్తకానికి బాగా పొసగుతుంది. 1820లో కోపెన్‌హాగన్‌లో ఓర్‌స్టెడ్ అనే ప్రొఫెసర్, కరెంటు పారే తీగ పక్కన దిక్సూచి ముల్లు కదలడం చూశాడు. ఆ కబురు సెప్టెంబరులో పారిస్ చేరితే ఆంపియర్ వారం రోజుల్లో కొత్త ప్రయోగాలతో అకాడమీ ముందు నిలబడ్డాడు. తీగను చుట్టలు చుడితే అది దండాయస్కాంతంగా పనిచేస్తుందని తేల్చిందీ, సోలినాయిడ్ అని పేరు పెట్టిందీ ఆయనే. వాళ్లిద్దరూ చదువుకున్న పెద్దలు. ఇంగ్లండులో విలియం స్టర్జన్ అలా కాదు. చెప్పులు కుట్టే పనిలో కుర్రతనం గడిపి, ఆ బాధ పడలేక సైన్యంలో చేరి, అక్కడ సొంతంగా లెక్కలూ విజ్ఞానశాస్త్రమూ నేర్చుకున్నవాడు. తర్వాత ఈస్టిండియా కంపెనీ తన సైనికాధికారులను తయారుచేసుకునే ఆడిస్కోంబ్ స్కూల్లో పాఠాలు చెప్పాడు. మన దేశానికి వచ్చే తెల్ల దొరల్లో కొందరు ఆయన దగ్గర చదివి ఓడ ఎక్కినవాళ్లే.

1825లో స్టర్జన్ గుర్రపు నాడా ఆకారంలో వంచిన ఇనుప కడ్డీకి వార్నిష్ పూసి, దాని మీద రాగితీగను పద్దెనిమిది చుట్లు చుట్టి, కరెంటు పంపాడు. 200 గ్రాముల ఆ ఇనుము నాలుగు కిలోల బరువును ఎత్తింది. తీగ తీస్తే బరువు కింద పడింది. కావాలన్నప్పుడు వచ్చి, వద్దన్నప్పుడు పోయే అయస్కాంతం లోకానికి అలా దొరికింది. ఆయన వాడింది ఒట్టి తీగ. పక్క చుట్టు తగిలితే కరెంటు అడ్డదారి పడుతుంది కాబట్టి ఎడం ఎడంగా చుట్టాల్సి వచ్చింది. అమెరికాలో జోసెఫ్ హెన్రీ తీగకు పట్టు చుట్టి ఆ అడ్డంకి తీసేశాడు. చుట్లు దగ్గరయ్యాయి, వరస మీద వరస వచ్చింది. 1831 నాటికి ఆయన అయస్కాంతం 900 కిలోలకు పైగా ఎత్తింది. ఈయన కూడా చిన్నప్పుడు గడియారాల దుకాణంలో పని నేర్చుకున్నవాడే. ఇవాళ రాగితీగ మీద మెరిసే ఎనామిల్ పూత ఆనాటి పట్టుదారానికి వారసురాలు.

చుట్ల సంఖ్యకు అంత విలువ ఎందుకంటే, ఒక్క తీగ చుట్టూ పుట్టే అయస్కాంత బలం చాలా తక్కువ. చుట్టలు చుట్టినప్పుడు పక్కపక్క చుట్ల బలాలు గొట్టం లోపల ఒకే దిశలో కలుస్తాయి, నారపోగులు పేనితే మోకు అయినట్టు. అందుకే గొట్టం లోపలి బలం రెండింటి మీదే ఆధారపడుతుంది: మీటరు పొడవులో ఎన్ని చుట్లు, తీగలో ఎంత కరెంటు. పొడవాటి చుట్టకైతే గొట్టం లావు సన్నంతో దాదాపు పని లేదు. దానిలో ఇనుము దూర్చారా, బలం ఎన్నో రెట్లు పెరుగుతుంది.

ఇది చదివి తల ఊపడం వేరు, చేత్తో చేసి చూడటం వేరు. మోటారు వైండింగ్ షాపుకు వెళ్లి 28 గేజి ఎనామిల్ రాగితీగ ఆరు మీటర్లు అడగండి. వాళ్లు గ్రాముల్లో తూచి ఇస్తారు. రాయని బాల్‌పెన్ను తీసి, రీఫిల్ పారేసి, ఆ ఒట్టి గొట్టం మీద నాలుగు సెంటీమీటర్ల మేర రెండు వరసల్లో 200 చుట్లు చుట్టండి. రెండు కొసలూ బ్లేడుతో గీకి ఎర్రటి రాగి బయటపడేలా చేయండి. పిల్లల సైన్స్ ఫెయిర్లలో సగం ప్రయోగాలు పనిచేయకుండా పోయేది ఈ గీకుడు దగ్గరే. పూత మీద కరెంటు పారదు, ఆ పూత కంటికి రాగిలాగే కనిపిస్తుంది. ఇప్పుడు గొట్టంలో సులువుగా జారే ఒక సన్న మేకును సగం లోపలికి పెట్టి, కొసలను ఒక పెన్సిల్ సెల్లుకు ఆనించండి. మేకు చటుక్కున లోపలికి పోయి నడిమధ్యన ఆగుతుంది. సెల్లు తిప్పి పెట్టినా లోపలికే లాగుతుంది తప్ప బయటికి నెట్టదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, దిశ మారుతూ ఉండే ఏసీ కరెంటుతో కూడా సోలినాయిడ్ పనిచేసేది ఇందువల్లే. మేకును గొట్టం నోటి నుంచి కాస్త బయటికి జరిపి మళ్లీ చూడండి. పట్టు ఇట్టే తగ్గిపోతుంది. అందుకే చాలా మిషన్లలో సోలినాయిడ్ కడ్డీ కదిలేది కొన్ని మిల్లీమీటర్లే. ఐదారు సెకన్లకు మించి సెల్లు పెట్టి ఉంచకండి, తీగ వేడెక్కుతుంది. తీగలో ఒక ఆంపియరు పారిందనుకుంటే మీరు చుట్టిన పెన్ను గొట్టంలో బలం, భూమి అయస్కాంత బలానికి సుమారు 150 రెట్లు.

ఇదే గొట్టాన్ని మనిషి పట్టేంత పెద్దది చేసి, నయోబియం–టైటానియం తీగ చుట్టి, ద్రవ హీలియంలో మైనస్ 269 డిగ్రీల దగ్గర ఉంచితే అది ఎంఆర్ఐ. ఇందులో కడ్డీ లేదు, లాగుడు అవసరం లేదు, మనకు కావాల్సింది లోపలి అయస్కాంత బలమే. మామూలుగా అది 1.5 టెస్లా, అంటే భూమి బలానికి ముప్పై వేల రెట్ల పైమాట. ఆ చలిలో తీగకు నిరోధం ఉండదు కాబట్టి ఒకసారి ఎక్కించిన కరెంటు తిరుగుతూనే ఉంటుంది. స్కానింగ్ లేనప్పుడూ, రాత్రి తలుపులు మూసినప్పుడూ అయస్కాంతం పనిలోనే ఉంటుంది. ‘ఇంకా మొదలుపెట్టలేదుగా’ అనుకుని పిన్నీసు, తాళాలు, మొలతాడుకు కట్టిన ఇనుప తాయెత్తుతో పేషెంటు వెంట లోపలికి అడుగు పెట్టకండి. జెనీవా దగ్గర సెర్న్‌లో 2012లో హిగ్స్ కణాన్ని పట్టిన రెండు పరికరాల్లో ఒకటైన సీఎంఎస్ పేరులోని చివరి అక్షరం కూడా సోలినాయిడే. దాని గొట్టం అడ్డకొలత ఆరు మీటర్లు, బలం 3.8 టెస్లా. ఆ ప్రయోగంలో మన దేశపు శాస్త్రవేత్తలూ ఉన్నారు. సరే, అంత దూరం ఎందుకు, మళ్లీ మన ఇంట్లోకి వద్దాం.

సోలినాయిడ్‌తో నడిచే ఏ పనైనా మూడు మెట్లు. తీగకు కరెంటు రావాలి, కడ్డీ కదలాలి, కదిలాక నీళ్లో గాలో పెట్రోలో పారాలి. మన చెవికి వినిపించే ‘టక్’ నడిమెట్టు. టక్‌మన్నదంటే దానికి ముందున్నవన్నీ, అంటే స్విచ్చు, వైరు, బోర్డు, కాయిల్, దాదాపు బాగున్నట్టే. తప్పు తర్వాతి మెట్టులో వెతకాలి. టక్ వినపడలేదంటే నీళ్ల వైపు చూడటం దండగ, తప్పు కడ్డీ దగ్గరో దానికి ముందువైపో ఉంది. ఈ ఒక్క ప్రశ్నతో వెతకాల్సిన చోటు సగానికి సగం తగ్గిపోతుంది. ఈ అధ్యాయంలో నేను మీ చేతిలో పెట్టదలచిన పనిముట్టు ఇదే, మిగిలినవన్నీ దీని వాడకాలు.

వాషింగ్ మెషీన్ వెనక నీళ్ల పైపు బిగించే చోట ఒక ప్లాస్టిక్ వాల్వు ఉంటుంది. దీని తయారీలో ఒక తెలివి ఉంది. ఇంత చిన్న కాయిల్ పైపులోని నీటి ఒత్తిడితో కుస్తీ పట్టలేదు. అందుకని అది ప్రధాన దారిని తాకదు. రబ్బరు పొర మధ్యలో ఉన్న సూదిబెజ్జం లాంటి రంధ్రాన్ని మాత్రం తెరుస్తుంది. పొరకు పైనున్న నీళ్లు అందులోంచి జారిపోగానే పైన ఒత్తిడి తగ్గుతుంది, కిందున్న నీళ్లే పొరను పైకి ఎత్తి దారి చేసుకుంటాయి. అంటే బరువు పనంతా నీళ్లే చేస్తాయి, కాయిల్ అనుమతి ఇస్తుంది. అందుకే నీళ్లలో కాస్తయినా ఒత్తిడి లేకపోతే ఈ వాల్వు తెరిచినా పెద్దగా తెరుచుకోదు. పది మీటర్ల ఎత్తు నుంచి దిగే నీటికి ఒత్తిడి సుమారు ఒక బార్. చాలా వాల్వులకు కనీసం 0.3 బార్ దాకా కావాలి, అంటే ట్యాంకు నీటిమట్టం మిషన్ కంటే మూడు మీటర్లు పైనుండాలి. పై అంతస్తులో ఉంటూ నెత్తిమీదే ట్యాంకు ఉన్నవాళ్ల ఇళ్లలో మిషన్ నిండటానికి యుగాలు పట్టేది ఇందుకే. అక్కడ వాల్వు మార్చి లాభం లేదు. ప్రెషర్ పంపు పెట్టాలి, లేదా ట్యాంకు దిమ్మె ఎత్తు పెంచాలి.

ఇక టక్ ప్రశ్న ఇక్కడ ఎలా పనిచేస్తుందో చూడండి. మిషన్ ఆన్ చేసి వెనక చెవి పెట్టండి. వాల్వు దగ్గర సన్నగా ‘గుంయ్’ మంటూ ఉండి నీళ్లు రావడం లేదంటే కాయిల్ తన పని తాను చేస్తోంది. కుళాయి తిప్పారో లేదో చూసి, ప్లగ్గు పీకి, పైపు విప్పండి. లోపల వేలెడు జాలీ కనిపిస్తుంది. బోరు నీళ్ల ఇళ్లలో అది ఇసుకతో, తుప్పుతో, తెల్లటి ఉప్పుతో పూడిపోయి ఉంటుంది. పాత పళ్ల బ్రష్షుతో కడిగి పెట్టేయడమే. అసలు చప్పుడే లేదంటే కరెంటు రావడం లేదు, లేదా కాయిల్ తెగింది. మల్టీమీటరు పట్టడం వచ్చినవాళ్లు ప్లగ్గు పీకి, వాల్వు వైర్లు ఊడదీసి, ఓమ్‌లలో కొలవండి. 230 వోల్టుల కాయిల్ మూడున్నర, నాలుగున్నర వేల ఓమ్‌ల మధ్య చూపిస్తే బాగున్నట్టు, అసలేమీ చూపించకపోతే తెగినట్టు. మూడో రకం ఫిర్యాదు ఇంకా తమాషా. మిషన్ ఆపేసినా డ్రమ్ములోకి నీళ్లు వచ్చేస్తుంటాయి. ప్లగ్గు పీకండి. అప్పటికీ వస్తున్నాయంటే కరెంటు లేకుండా జరుగుతున్న పనికి బోర్డును తప్పుపట్టడం కుదరదు. రబ్బరు పొర కింద రేణువు ఇరుక్కుని వాల్వు మూసుకోవడం లేదు, అంతే. ప్లగ్గు పీకి చూడటానికి డిగ్రీ అక్కర్లేదు. బోర్డు ఖర్చు మాత్రం మిగులుతుంది.

ఫోన్లో మెకానిక్‌తో మాట్లాడే తీరు కూడా మారిపోతుంది. ‘బాబూ, మిషన్ పనిచేయట్లేదు, ఒకసారి రావా’ అంటే ఆయన చేయి ఊపుకుంటూ వచ్చి, చూసిపోయినందుకు డబ్బులు తీసుకుని, సామాను తెస్తానని వెళ్తాడు. ‘బాబూ, నీళ్ల వాల్వు దగ్గర చప్పుడే రావట్లేదు, జాలీ కడిగాను, కుళాయిలో నీళ్లు బాగానే వస్తున్నాయి’ అనండి. ‘అయితే కాయిల్ పోయుంటుందమ్మా, మోడల్ నంబరు చెప్పండి, వాల్వు పట్టుకొస్తా’ అంటాడు. ఆయన్ని మీరు శంకించినట్టూ కాదు, ఆయన పనిలో వేలు పెట్టినట్టూ కాదు. నిజానికి మంచి మెకానిక్‌కు ఇలాంటి గిరాకీ అంటేనే ఇష్టం, సగం పని ఫోన్లోనే అయిపోతుంది కాబట్టి.

ఆర్వో ఫిల్టర్లో ఉండేదాన్ని మెకానిక్కులు ‘ఎస్వీ’ అంటారు. మామూలుగా 24 వోల్టుల డీసీ కాయిల్. మిషన్ నడుస్తున్నంతసేపు తెరిచి ఉండి, ట్యాంకు నిండి మిషన్ ఆగగానే నీళ్లను ఆపడం దాని పని. అది సరిగా మూసుకోకపోతే మిషన్ ఆగినా వేస్టు పైపులోంచి నీళ్లు కారుతూనే ఉంటాయి. తాగేనీళ్లు బాగానే వస్తుంటాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ఇవాళ రాత్రి వంటింటి పని అయ్యాక ఆర్వో స్విచ్ ఆపి, ఐదు నిమిషాలాగి, వేస్టు పైపు కొస కింద గ్లాసు పెట్టండి. పైపులో మిగిలిన చుక్కలు పడి ఆగిపోవాలి. ఆగకుండా కారుతూ నిమిషానికి వంద మిల్లీలీటర్లు చేరుతుంటే, లెక్క వేసుకోండి, రోజుకు 144 లీటర్లు. ట్యాంకరు నీళ్లు కొనుక్కునే అపార్టుమెంట్లలో ఎస్వీ ఖరీదు ఎన్నాళ్లలో తిరిగొస్తుందో మీరే చూసుకోవచ్చు.

కారు సెల్ఫ్ దగ్గర సోలినాయిడ్ ఒకే లాగుడుతో రెండు పనులు చేస్తుంది. ఒక చిన్న పళ్లచక్రాన్ని ముందుకు నెట్టి ఇంజను ఫ్లైవీల్‌కు తగిలిస్తుంది, అదే ఊపులో బ్యాటరీనీ సెల్ఫ్ మోటారునూ కలిపే లావాటి రాగి బిళ్లలను ఒకదానికొకటి ఆనిస్తుంది. మోటారు గుంజే వందల ఆంపియర్లు తాళం చెవి దగ్గరి సన్న వైర్లలో పారితే కాలిపోతాయి. తాళం చెవి కాయిల్‌కు కొద్దిపాటి కరెంటు ఇస్తుంది, పెద్ద కరెంటు సంగతి కాయిల్ చూసుకుంటుంది. ఇందులో రెండు చుట్టలుంటాయి. లాగడానికి బలమైనదొకటి, లాగాక పట్టి ఉంచడానికి బలహీనమైనదొకటి. బిళ్లలు ఆనగానే లాగేది దానంతటదే ఆగిపోతుంది. బ్యాటరీ దిగిపోయినప్పుడు వినిపించే ‘టకటకటక’ మోత రహస్యం ఇక్కడుంది. ఉన్న కాస్త ఛార్జితో కాయిల్ లాగుతుంది, బిళ్లలు ఆనగానే మోటారు కరెంటంతా గుంజేసుకుంటుంది, వోల్టేజీ పడిపోయి పట్టి ఉంచే చుట్టకు సత్తువ చాలక వదిలేస్తుంది. వదలగానే మోటారు విడిపోయి వోల్టేజీ లేస్తుంది, మళ్లీ లాగుతుంది. కాబట్టి టకటకలాడితే ముందు బ్యాటరీ వంక, దాని టెర్మినళ్ల మీద పేరుకున్న తెల్లటి పొడి వంక చూడండి. ఒక్క గట్టి ‘టక్’ వచ్చి, లైట్లు కాంతిగా వెలుగుతూ, మోటారు తిరగకపోతే అనుమానం రాగి బిళ్లల మీదికో మోటారు మీదికో పోవాలి. ఏ చప్పుడూ లేకపోతే ఫ్యూజు, తాళం చెవి స్విచ్చు, వైర్లు. సెల్ఫ్ ఉన్న బైకులో పళ్లచక్రం నెట్టే పని ఉండదు, రిలే టక్‌మంటుంది, లెక్క మాత్రం ఇదే. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్–6 వచ్చాక మన బైకుల్లో చాలావాటికి పెట్రోలు చిమ్మే ఇంజెక్టరు కూడా ఒక చిట్టి సోలినాయిడే. ఇంజను నిమిషానికి 6000 చుట్లు తిరుగుతుంటే అది సెకనుకు 50 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే పాత బండిని నెట్టి స్టార్ట్ చేసినట్టు వీటిని చేయలేకపోవడానికి కారణం ఇదే. నెట్టినా ఇంజెక్టరుకూ పంపుకూ కరెంటు ఏదీ?

పల్లెలో ఈ అధ్యాయం చదువుతున్నవాళ్లకు అన్నిటికంటే పనికొచ్చేది బోరు స్టార్టర్ పెట్టె. పచ్చ బటన్ నొక్కితే లోపలి కాయిల్ ఇనుప దిమ్మెను లాగి మూడు ఫేజులనూ మోటారుకు కలుపుతుంది. వేలు తీశాక కూడా తనను తాను పట్టి ఉంచుకుంటుంది. కరెంటు పోతే వదిలేస్తుంది. తిరిగి వచ్చినప్పుడు మోటారు దానంతటది మొదలవదు. ఇది లోపం కాదు, కావాలని పెట్టిన కాపలా. కరెంటు లేదుకదా అని ఒకరు పైపు విప్పుతున్నప్పుడు మోటారు తటాలున తిరగకుండా అది ఆపుతుంది. వేళాపాళా లేని కరెంటు రోజుల్లో రైతులు ఆటో స్టార్టర్లు పెట్టుకుని ఈ కాపలాను పక్కకు తప్పించారు. తప్పు వాళ్లదనలేం. అర్ధరాత్రి వచ్చే కరెంటు కోసం పాముల మధ్య పొలానికి పోలేక పెట్టుకున్నారు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి సాగుకు 24 గంటల కరెంటు మొదలుపెట్టే ముందు, ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వమే రైతులను కోరింది. కరెంటు రాగానే మోటార్లన్నీ ఒక్కసారి లేవడం, అవసరం లేకపోయినా భూగర్భజలం తోడేయడం రెండూ నష్టమే.

స్టార్టర్లో కాయిల్ మాటిమాటికీ కాలిపోతుంటే కాయిల్‌ను తిట్టకండి. ఏసీ కాయిల్ స్వభావం ఒకటుంది. ఇనుము దూరంగా ఉన్నప్పుడు అది ఎక్కువ కరెంటు తీసుకుంటుంది, ఇనుము పూర్తిగా అతుక్కున్నాక తక్కువతో సరిపెట్టుకుంటుంది. లాగే ఆ రెప్పపాటు ఎక్కువ కరెంటును అది తట్టుకుంటుంది. లో వోల్టేజీ వల్లో, మధ్యలో చచ్చిన బల్లి వల్లో, చీమల పుట్టమట్టి వల్లో దిమ్మె సగం దూరంలో ఆగిపోతే ఆ ఎక్కువ కరెంటు ఆగకుండా పారి, నిమిషాల్లో చుట్ట మాడిపోతుంది. 415 వోల్టుల మామూలు కాయిల్‌కు 350 వోల్టుల పైచిలుకు ఉంటేనే పట్టు సరిగా కుదురుతుంది. లో వోల్టేజీ తప్పని ఊళ్లలో అంతకంటే తక్కువకు కూడా పనిచేసేలా చుట్టిన కాయిల్ ఉన్న స్టార్టరే కొనండి. దిమ్మె పూర్తిగా అతుక్కున్నా గరగరమంటూ ఉంటే దిమ్మె మొహం మీద పొందించిన రాగి రింగు చూడమనండి. ఏసీ కరెంటు సెకనుకు వందసార్లు సున్నాకు దిగి లేస్తుంది, ఆ సున్నా క్షణాల్లో పట్టు జారకుండా కాసేది ఆ రింగే. అది చిట్లితే గరగర తప్పదు. దిమ్మె నిలవడం లేదని బటన్‌లో పుల్ల దోపి మోటారు నడిపేవాళ్లున్నారు. పుల్ల ఉన్నంతసేపు ఓవర్‌లోడు వచ్చినా, ఒక ఫేజు పోయినా స్టార్టర్ మోటారును విడిచిపెట్టలేకపోవచ్చు. ఎర్ర బటన్ నొక్కినంత మాత్రాన పెట్టె లోపల కరెంటు పోదని కూడా గుర్తుంచుకోండి. ఫ్యూజు క్యారియర్లు మూడూ పీకి జేబులో వేసుకున్నాకే మూత తీయాలి. ఆ పని అలవాటు లేనివాళ్లు మూత బయటి నుంచి చెవితో వినడం దగ్గరే ఆగిపోండి.

కొత్త కాయిల్ గానీ వాల్వు గానీ కొనేటప్పుడు పాతది చేత్తో పట్టుకెళ్లండి. దాని మీద అచ్చు వేసిన వోల్టేజీ ఒక్కటే చూస్తే చాలదు, ఏసీనా డీసీనా కూడా చూడాలి. 24 వోల్టుల ఏసీ కాయిల్‌కు 24 వోల్టుల డీసీ ఇస్తే లెక్క సరిపోయినట్టే ఉంటుంది కానీ, ఇనుము అతుక్కున్నాక ఏసీ కరెంటును తగ్గించే ఆ గుణం డీసీ దగ్గర పనిచేయక, కరెంటు ఎక్కువై కాలిపోతుంది. కొన్ని కాయిళ్లు గంటల తరబడి ఆన్‌లో ఉండటానికి, కొన్ని క్షణకాలం పనికే చుట్టి ఉంటాయి. రెండోరకాన్ని డ్రిప్ లైను మీద పెట్టి రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి వాసన వస్తుంది. ప్రాజెక్టులు చేసే ఇంజనీరింగ్ పిల్లలు డీసీ కాయిల్‌కు అడ్డంగా ఒక డయోడు తిరగేసి పెట్టడం మరవకూడదు. కరెంటు ఆపిన క్షణంలో కాయిల్ ఎదురు వోల్టేజీ తన్నుతుంది, దాన్ని నడిపే ట్రాన్సిస్టరు ఆ దెబ్బకు పోతుంది.

అన్నిటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటుంది: కరెంటు పోతే ఇది తెరుచుకుంటుందా, మూసుకుంటుందా? రెండు రకాలూ దొరుకుతాయి, చూడటానికి ఒకేలా ఉంటాయి. గ్యాసు లైను మీద పెట్టే వాల్వు కరెంటు పోతే మూసుకునేదే కావాలి. నలుగురు పనిచేసే ఆఫీసుకో, పీజీ హాస్టలుకో కరెంటు తాళం బిగిస్తుంటే, బయటికి వెళ్లే దారిలో కరెంటు పోగానే తెరుచుకునే రకమే ఉండాలి. నిప్పు అంటుకున్నప్పుడు మొదట పోయేది కరెంటే. అదే బీరువా గదికో సర్వర్ల గదికో అయితే, లోపలి నుంచి చేత్తో తెరుచుకునే పిడి ఉన్నప్పుడు, కరెంటు పోయినా బిగిసి ఉండే రకం సరైనది. అమ్మేవాడు ‘రెండూ ఒకటే సార్’ అంటే బిల్లు వేయనీయకండి. షాపులోనే ప్లగ్గు పెట్టించి, తాళం బిగిశాక ప్లగ్గు పీకించి, ఏమవుతుందో చూసి కొనండి.